భద్రమ్మ పుట్టింటి రక్తం

గోదావరికి ఎన్నడూ ఎరగనంత వరద వచ్చిపోయిన మరుసటేడు, ఆషాఢమాసంలో, ఇప్పగుంపు పెద్దలు కూర్చుని చిన్నక్క మీదికి సవతిని తేవాలని మాట ఖాయం చేసుకున్నారు.

దుమ్ముగూడెం బాట మీద బస్సు దిగి, వాగు దాటి, అడవిలో పడి నడిస్తే వచ్చే కోయగూడెం ఇప్పగుంపు. బొజ్జయ్య ఆ గూడేనికి పెద్ద. జంపయ్య ఆయనకు ఒక్కగానొక్క కొడుకు. ఆ జంపయ్య పెళ్లామే చిన్నక్క. తొలిచూలు కొడుకు పుడితే గూడెమంతా సంబరం చేసుకుంది. వాడు పాకే వయసులోనే చేతులూ కాళ్లూ పొంగి ఏడ్చేవాడు. కళ్లు పసుపు నీళ్లలో ముంచినట్టుండేవి. నడక నేర్చిన కొన్నాళ్లకే ఒక జ్వరంలో పోయాడు. తరువాత పుట్టిన లచ్చిదీ అదే వరస. వానకు ఒళ్లు తడిసిందంటే చాలు, మోకాళ్లు పట్టుకుని గుక్కపట్టేది.

"పిల్ల మంచిదే. పనికి వంక పెట్టను" అన్నది అత్త భద్రమ్మ, పందిరి గుంజకు ఆనుకుని. "దాని రక్తమే మంచిదిగాదు. కడుపున పడ్డోళ్లంత గిట్లనే అయితున్రు. మా అన్న బిడ్డ జంపక్కను తెచ్చుకుందం. మా పుట్టింటి రక్తం పాలసొంటిది."

"పోయిన పెద్దలకు కోడిని కోసినం, మేకను కోసినం" అన్నాడు బొజ్జయ్య. "ఏం తగ్గలే. ఇంట్ల ఒక మొగపిల్లగాడు నిలవాలె గద?"

జంపయ్య తలెత్తలేదు. వేలితో నేలమీద గీతలు గీస్తూ కూర్చున్నాడు. చిన్నక్క అతని వైపు చూసింది. ఒక్కమాట అంటాడేమోనని ఆశపడింది. అనలేదు. అప్పుడు లచ్చిని ఒళ్లోంచి దించి తానే లేచి నిలబడింది.

"తెచ్చుకోండి మామా. అడ్డం రాను. గాని తెచ్చే ముందుగాల నీ కొడుకు రక్తం, ఆ జంపక్క రక్తం డాక్టరమ్మతోని చూపియ్యాలె. నా ఒక్కదాని రక్తమే చెడ్డదంటే నేనొప్పుకోను."

కూర్చున్నవాళ్లు కొందరు నవ్వారు. భద్రమ్మకు మాత్రం కోపం వచ్చింది. "మొగోని రక్తం చూసుడేందే? చెట్టు మంచిదైతే కాయ మంచిగనే ఉంటది. భూమి చౌడైతే విత్తనమేం చేస్తది?"

"భూమి చౌడో, విత్తనం తాలో, చూస్తే తెలుస్తది గదత్తా. చూడకుండ అనుడెందుకు?"

బొజ్జయ్య చేయెత్తి ఇద్దరినీ ఆపాడు. కోపిష్టే గానీ మాట తప్పే మనిషి కాదు. "కొత్త పంట ఇంటికొచ్చి కొత్తల పండుగ అయినంక లగ్గం. గంతలోపల నువ్వేం చూపిస్తవో చూపియ్యి" అన్నాడు.

చిన్నక్క ఆ మాట ఊరికే అనలేదు. కిందటి చలికాలం లచ్చికి నొప్పులు ముదిరితే, పిల్లను వీపున కట్టుకుని ఒక్కతే భద్రాచలం దవాఖానాకు పోయింది. అక్కడ హైమ అనే పడుచు డాక్టరమ్మ ఉండేది. కల్లూరు దగ్గరి రైతుల ఇంటి పిల్ల. లచ్చి కళ్లు విప్పి చూసి, వేలికొస పొడిచి, రక్తపు చుక్కను గాజుపలక మీద పరిచి మైక్రోస్కోపు కింద పెట్టింది. చాలాసేపు అందులోకే చూస్తూ ఉండిపోయింది. తరువాత కుర్చీ పక్కకు జరిపి, "నువ్వు కూడా చూడు" అన్నది.

చిన్నక్క ఒక కన్ను మూసి రెండో కన్ను గొట్టానికి ఆనించింది. ముందు అంతా మసక. హైమ ఏదో తిప్పగానే గుండ్రటి బిళ్లలు తేటపడ్డాయి. వాటి మధ్య అక్కడక్కడా వంకర తిరిగి, రెండు కొసలూ సన్నగా సాగినవి కనిపించాయి.

"కొడవళ్లు" అన్నది చిన్నక్క, ఎవరూ చెప్పకుండానే.

"అవును, వాటి పేరు కూడా అదే. గుండ్రటివి మెత్తగా ఉంటాయి, ఎంత సన్నని నరంలోంచైనా జారిపోతాయి. ఇవి బిరుసెక్కి ఇరుక్కుంటాయి. ఇరుక్కున్న చోట రక్తం ఆడదు, అక్కడ నొప్పి పుడుతుంది. తొందరగా చితికిపోతాయి కూడా, అందుకే కళ్లు పచ్చబడతాయి."

ఆ తరువాత హైమ చిన్నక్క వేలూ పొడిచింది. ఆ రక్తంలో బిళ్లలన్నీ గుండ్రంగానే కనిపించాయి. చిన్నక్క ఊపిరి పీల్చుకునేలోగా ఒక మందు చుక్క కలిపి, పైన పల్చటి గాజుముక్క పెట్టి, గాలి చొరకుండా చుట్టూ వ్యాజిలైన్ పూసింది. కొంతసేపయ్యాక చూస్తే వాటిలోనూ కొడవళ్లు లేచి ఉన్నాయి.

"అంటే నాదేనా తప్పు?" చిన్నక్క గొట్టం మీంచి కన్ను తీసింది.

"తప్పు ఎవరిదీ కాదు. నీలో సగమే ఉంది. సగమున్నవాళ్లకు జబ్బు ఉండదు, మామూలుగానే బతుకుతారు. ఈ పిల్లకు ఇంకో సగం తండ్రి నుంచి వచ్చింది. రెండు సగాలూ కలిస్తేనే ఈ జబ్బు. ఒక్కరి వల్ల రాదు."

సగం. ఆ ఒక్క మాటను చిన్నక్క ఇంటిదాకా మోసుకొచ్చింది. మొగుడికి చెప్పింది, అత్తకు చెప్పింది. దవాఖానా మాటలు దవాఖానాలోనే ఉంచమన్నారు. ఇప్పుడు ఆ మాటనే పట్టుకుని మళ్లీ భద్రాచలం బయలుదేరింది.

సంగతంతా విని హైమ వెంటనే సరేననలేదు. చదువుకునే రోజుల్లో నాన్న కొనిపెట్టిన సొంత మైక్రోస్కోపు ఆమె దగ్గర ఉంది, అది తేవచ్చు. వాగు కూడా దాటవచ్చు. ఆమెను ఆపింది అవేవీ కాదు.

"నేనొచ్చి నలుగురి వేళ్లు పొడిచి, వీళ్లలో ఉంది, వాళ్లలో లేదు అంటే ఏమవుతుందో ఆలోచించావా చిన్నక్కా? కాపురాలు చెడతాయి. ఒకవేళ ఆ జంపక్క రక్తంలో ఏమీ లేదనుకో. నీ చేత్తో నువ్వే సవతిని ఇంట్లోకి పిలుచుకున్నట్టవుతుంది."

ఈ మాట చిన్నక్కకూ తట్టకపోలేదు. దారి పొడుగునా అదే ఆమెను తొలిచింది.

"అయితే అయితది డాక్టరమ్మా" అన్నది చివరికి. "ఆ పిల్ల కడుపున మంచిగ పుడతరంటే పుట్టనీ. గాని నా రక్తం ఒక్కటే చెడ్డదన్నోళ్లు గది నిజంగాదని తెల్సుకోవాలె. లేకుంటే రేపు నా లచ్చిని గూడ గదే మాటంటరు. దానికి ఇంకెవరు చెప్తరు?"

హైమ తలూపింది. "ఆదివారం వస్తాను" అన్నది.

లేవబోయిన చిన్నక్క ఆగింది. ఎన్నాళ్ల నుంచో అడగాలనుకున్న మాట ఒకటి ఉంది. "ఇద్దరు పిల్లలకు వచ్చింది గద. ఇంకో పిల్ల పుడితే దానికీ వస్తదా? రాదా?"

హైమ చుట్టూ చూసింది. లచ్చి నేలమీద చింతగింజలు చిమ్ముకుంటూ ఆడుతోంది. బండమీద ఒకవైపు అరగదీసిన గింజలవి, ఒక పక్క తెలుపు, ఒక పక్క నలుపు. హైమ రెండు గింజలు తీసుకుంది.

"ఇది నువ్వు, ఇది మీ ఆయన. ఇద్దరిలోనూ రెండు పక్కలూ ఉన్నాయి, నలుపూ తెలుపూ. బిడ్డ కడుపున పడ్డప్పుడు ఇద్దరూ చెరొక గింజ వేస్తారు. రెండూ తెల్లగా పడితే లచ్చిలాగా. ఒకటి తెలుపు, ఒకటి నలుపు పడితే నీలాగా. రెండూ నల్లగా పడితే ఏమీ లేనట్టు." గింజలు వేసి చూపించింది. మళ్లీ వేసింది. "పోయినసారి తెలుపు పడింది కదా, ఈసారి పడదులే అనుకోవడానికి లేదు. ప్రతిసారీ ఆట మొదటికి వస్తుంది. గింజకు వెనకటి పందెం గుర్తుండదు."

చిన్నక్క ఆ రెండు గింజలు అరచేతిలో వేసుకుని తానూ చాలాసార్లు వేసి చూసింది. ఒకసారి రెండూ తెల్లగా పడ్డాయి.  కొడుకు ముఖం కళ్లముందు కదిలింది. వాడిలో ఏ దోషమూ లేదు, తనలోనూ లేదు. గింజలట్లా పడ్డాయి, అంతే. చాన్నాళ్ల తరువాత ఆమె ఏడ్చింది. ఏడుపయ్యాక మనసు గట్టిపడింది.

ఆదివారం వాన తెరిపిచ్చి ఎండ కాసింది. వాగు దగ్గర చిన్నక్క ఎదురొచ్చి, మైక్రోస్కోపు పెట్టెను నెత్తిన పెట్టుకుని, మోకాటి లోతు నీళ్లలో ముందు నడిచింది. గూడెంలో కరెంటు లేదు. పందిరి అంచున బల్ల వేసి, మైక్రోస్కోపు కింది అద్దాన్ని వెలుతురుకు తిప్పి పెట్టింది హైమ. ముందుగా చిన్నక్క చేయి చాపింది. ఆ తరువాత ఎవరూ కదలలేదు.

"రక్తం తీసి మణుగూరుల అమ్ముకుంటరట" అన్నాడు వెనక నుంచి ఒకాయన.

"ఒక్క చుక్కే తాతా. జలగ తాగినంత కూడా కాదు" అన్నది హైమ.

నవ్వులు లేచాయి గానీ వేళ్లు మాత్రం లేవలేదు. జంపయ్య గుంపు వెనక నిలబడి ఉన్నాడు. తండ్రి ముఖం చూసి, తల్లి ముఖం చూసి, అక్కడి నుంచి జారుకోబోయాడు.

అప్పుడు భద్రమ్మ అన్న బిడ్డ జంపక్క ముందుకొచ్చింది. లగ్గం మాటలకని తండ్రి వెంట తీసుకొచ్చిన పిల్ల. "నాది చూడు డాక్టరమ్మా" అన్నది.

"నువ్వెందుకే?" అని భద్రమ్మ చేయి పట్టుకుంది.

జంపక్క విడిపించుకుంది. "నన్ను ఇస్తున్రో తెస్తున్రో నన్నడగలే అత్తా. నాల ఏమున్నదో నాకన్న తెలవద్దా?"

ఆడపిల్ల ముందుకొచ్చాక జంపయ్యకు వెనక్కి పోవడానికి మొహం చెల్లలేదు. వచ్చి భార్య పక్కన నిలబడి, అటు తిరిగి వేలు చాపాడు. కొడుకు ఇచ్చాడని బొజ్జయ్య ఇచ్చాడు. "నాది చూడండి, పాలతీరు ఉంటది" అంటూ భద్రమ్మ కూడా ఇచ్చింది.

హైమ మందు చుక్కలు కలిపి, గాజుపలకలు వరసగా పేర్చి, ఏది ఎవరిదో పైన గుర్తు పెట్టింది. ఎదురుచూస్తున్నంతసేపూ జనం ప్రశ్నలు కురిపించారు. ఎంగిలి తింటే అంటుకుంటుందా? అంటుకోదు, పక్కన పడుకున్నా అంటుకోదు, పుట్టుకతో రావలసిందే. బలమైనోడి రక్తం ఎక్కిస్తే పోతుందా? ఎక్కించిన రక్తం కొన్నాళ్లే ఉంటుంది. కొత్త రక్తం మన ఎముకల్లోని మూలుగలో పుడుతుంది, అది మళ్లీ తన తీరుగానే పుడుతుంది. అసలు లోపల చెడింది ఏంది?

దానికి హైమ పందిరికి వేలాడుతున్న వెదురుబుట్ట చూపించింది. "రక్తకణంలో ఊపిరిని మోసే సరుకు ఒకటుంటుంది. ఒళ్లు దాన్ని బుట్ట అల్లినట్టు అల్లుతుంది. వీళ్లలో ఒకే ఒక్క పుల్ల మారింది, మిగతా అల్లికంతా సరిగ్గానే ఉంది. ఊపిరి తగ్గినప్పుడు ఆ మారిన పుల్ల పక్కదానికి తగులుకుంటుంది, అది ఇంకోదానికి. అట్లా బుట్టలన్నీ ఒకదానికొకటి చిక్కుకుని కణం వంకర తిరుగుతుంది."

పొద్దు నడినెత్తికి వచ్చాక ఆమె పలకలు ఒక్కొక్కటే చూడడం మొదలుపెట్టింది. ముందు జంపయ్యది. చూసి, తానేమీ చెప్పకుండా, "నువ్వే చూసుకో" అన్నది. జంపయ్య వంగి చూశాడు. వంగినవాడు చాలాసేపు లేవలేదు.

"నాల గూడ ఉన్నదా?" అన్నాడు చివరికి. ఎవరినీ అడిగినట్టు లేదు.

జంపక్క పలకలోనూ కొడవళ్లే. ఆమె చూసి, పెదవి బిగబట్టి, "అవ్, ఉన్నయి" అని అందరికీ వినబడేటట్టు తానే చెప్పింది.  ఈ పిల్లను తెచ్చినా అవే గింజలు, అదే ఆట అని చిన్నక్క చెప్పవలసిన పని లేకపోయింది.

బొజ్జయ్య రక్తంలో ఒక్క కొడవలి కూడా లేదు. అన్నీ గుండ్రటి బిళ్లలే. చివరి పలక భద్రమ్మది. హైమ చూసి, కాస్త తటపటాయించి పక్కకు జరిగింది. భద్రమ్మ పోయి చూసింది. తలెత్తేసరికి ఆమె ముఖం వాడిపోయి ఉంది.

బొజ్జయ్యకు అర్థమైంది. కోపం ముంచుకొచ్చింది. "అయితే మా ఇంట్లకు తెచ్చింది నువ్వన్నమాట! పాలసొంటి రక్తమంటివి. నా మనుమన్ని మింగింది నీ పుట్టింటి రక్తమేనా?"

 ఇన్నేళ్లూ కోడలి మీద పడ్డ మాటలన్నీ ఒక్కసారిగా భద్రమ్మ మీదికి తిరిగాయి. చిన్నక్క ఆ క్షణం కోసమే పట్టుబట్టి డాక్టరమ్మను తెచ్చిందని అక్కడున్న వాళ్లలో చాలామంది అనుకున్నారు. కొద్దిసేపటి కింద ఆమె కూడా అట్లాగే అనుకుని ఉండేదేమో. కానీ అందరి మధ్య ఒక్కతే నిలబడ్డ అత్తను చూసేసరికి ఆమెకు, సవతిని తెస్తామన్ననాడు తాను అట్లా నిలబడ్డది గుర్తొచ్చింది.

"ఆమెనేమనొద్దు మామా" అన్నది. గొంతు పెంచలేదు గానీ, ఆ మాటకు బొజ్జయ్య ఆగాడు. "నన్నన్నప్పుడు తప్పైతే, ఆమెనన్నా తప్పే. సగం నాది, సగం నీ కొడుకుది. ఎవరూ కావాలని పెట్టలే."

"మరి గింత చెడ్డదైతే" అన్నాడు బొజ్జయ్య, హైమ వైపు తిరిగి, ఇంకా ఉడుకు తగ్గకుండానే, "పుట్టుకతోనే వస్తదంటున్నవు, అంటే తాతల కాలం నుంచి ఉన్నట్టే, మావోళ్లంత ఎప్పుడో చచ్చిపోవాలె గద? ఎట్ల నిలిచిన్రు?"

"చాలా మంచి ప్రశ్న అడిగారు పెద్దయ్యా" అన్నది హైమ. "ఈ అడవిలో పిల్లల్ని అందరికంటే ఎక్కువ మింగింది ఏది?"

"చలిజ్వరం" అన్నారు నలుగురైదుగురు ఒకేసారి.

"ఆ పురుగు రక్తకణంలోనే దూరి పెరుగుతుంది. ఈ గుణం సగమున్న పిల్లల్లో అది సరిగ్గా పెరగలేదు. జ్వరం వచ్చినా, ప్రాణం తీసేంత ముదరడం తక్కువ. అందుకే చలిజ్వరం ఉన్న చోట ఇది నిలిచింది. రెండు సగాలు కలిస్తేనే చేటు."

భద్రమ్మ మెల్లగా కింద కూర్చుంది. "మా అమ్మకు ఇంటినిండ పిల్లలు" అన్నది, నేలవైపు చూస్తూ. "అందరు చలిజ్వరంతోనే పోయిన్రు. నేను, మా అన్న మిగిలినం. ఎందుకు మిగిలినమో ఎవ్వరికీ తెలవకపాయె."

"ఒక్కొక్కరి సంగతి ఖాయంగా చెప్పలేం అమ్మా" అన్నది హైమ. "కానీ అయి ఉండొచ్చు."

 బొజ్జయ్య లేచి లోపలికి పోయి, చెంబుతో నీళ్లు తెచ్చి భార్య ముందు పెట్టాడు.

లగ్గం మాట అంతటితో ఆగిపోయింది. జంపక్క ఆ తరువాతి ఏడు చర్ల వైపు ఒకతన్ని చేసుకుంది. ముందుగా తానే అతన్ని వెంటబెట్టుకుని దవాఖానాకు తీసుకుపోయింది. అతని రక్తంలో ఏమీ లేదని తేలాకే ఒప్పుకుంది. వాళ్లకు పుట్టిన పిల్లలు సుఖంగా ఉన్నారు. జంపయ్య చాలా రోజులు భార్యతో సరిగ్గా మాట్లాడలేకపోయాడు. ఒకనాడు పొలంలో నాట్లు వేస్తూ ఉన్నట్టుండి, "నాడు నేనొక్క మాటన్న అనాల్సి ఉండె" అన్నాడు. "అవ్, ఉండె" అన్నది చిన్నక్క. ఆ మాటను మెత్తబరచలేదు. కానీ ఆ రోజు ఇద్దరూ ఒకే ఆకులో తిన్నారు. ఇంకో బిడ్డ కోసం గింజలు వేయబోమని ఇద్దరూ కలిసే అనుకున్నారు. ఆ మాట బొజ్జయ్యకు చెప్పింది మాత్రం జంపయ్యే.

లచ్చి జబ్బు పోయేది కాదని హైమ దాచకుండా చెప్పింది. నీళ్లు బాగా తాగించాలి, తడవనీయకూడదు, మాత్రలు మానకూడదు, జ్వరం వస్తే ఆ పూటకాపూటే దవాఖానాకు తేవాలి. చిన్నక్క అవన్నీ చేసింది. అయినా కొన్ని వానాకాలాలు పిల్లను నొప్పులు మెలిపెట్టాయి. ఒకసారి బతకదనే అనుకున్నారు. బతికింది.

చదువు వయసు వచ్చినప్పుడు దుమ్ముగూడెం బాట మీది ఆశ్రమ పాఠశాలకు చిన్నక్క పిల్లను తీసుకుపోయింది. అక్కడి పెద్ద పంతులు రాందాస్ సారు లచ్చి సన్నటి కాళ్లు, పచ్చటి కళ్లు చూసి వెనకాడాడు.

"ఈ పిల్లను ఎట్ల చేర్చుకోమంటవమ్మా? ఏమన్నైతే ఎవరు జవాబు? గడియగడియకు నీళ్లు తాపుడు, వానల తడవకుండ చూసుడు, జ్వరమొస్తే భద్రాచలం ఉరుకుడు... గివన్ని చూసేదెవరు?"

"నేనే సారూ" అన్నది చిన్నక్క.

"నువ్వు ఊర్ల ఉంటవు, పిల్ల ఇక్కడుంటది. ఎట్ల చూస్తవు?"

"బడిల వంటకు మనిషి కావాలన్నరట గద. వంద మందికైనా వండిపెడత. లచ్చి నాయనతోని మాట్లాడే వచ్చిన. పొలం ఆయన చూసుకుంటడు, అంగడినాడు వచ్చి మమ్ముల చూసిపోతడు."

 ఎన్ని అడ్డాలు చెప్పినా ప్రతిదానికీ ఈమె ముందే జవాబు తెచ్చుకుని వచ్చిందని రాందాస్ సారుకు అర్థమైంది. రిజిస్టరు తెరిచి పిల్ల పేరేందన్నాడు.

"చెప్పు" అన్నది చిన్నక్క కూతురితో.

లచ్చి తన పేరు తానే చెప్పింది. చిన్నక్క కొంగు నడుముకు బిగించి, వంటశాల ఎటువైపో అడిగి, అటు నడిచింది.